ఆరో తరగతి హాజరు పట్టీలో 43 పేర్లు: ఒక పదో తరగతి వీడ్కోలు కేస్ స్టడీ

2024 జనవరి, సంక్రాంతి సెలవులు అయిపోయిన వారం. పొద్దున స్పెషల్ క్లాస్ అయ్యాక పదో తరగతి పిల్లలు ఆరుగురు వీడ్కోలు సభ గురించి మాట్లాడాలని నా దగ్గరికి వచ్చారు. ఫ్లెక్సీ ఎంత సైజు ఉండాలి, సౌండ్ బాక్సులు ఎక్కడినుంచి తేవాలి, ఆడపిల్లలు ఏ రంగు చీరలు కట్టుకోవాలి, తలా ఎంత వేసుకోవాలి, అన్నీ ఒక కాగితం మీద రాసుకొచ్చారు. "ఫ్లెక్సీ మీద అందరి ఫొటోలు పెడతం మేడం" అన్నాడు క్లాస్ లీడర్. "అందరంటే 36 ఫొటోలేనా?" అని మామూలుగా అడిగాను. వెనక నిలబడ్డ ఒక అమ్మాయి నెమ్మదిగా అంది: "ఆరో తరగతిల ఇంకా మస్తుమంది ఉండిరి కద మేడం. మరి వాళ్లవి?"

ఆ ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేదు, నా దగ్గర కూడా. తర్వాత ఐదు వారాలు మేం చేసిన పనంతా దానికి జవాబు వెతకడమే. తోటి టీచర్లకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, పొరపాట్లతో సహా.

నేను సోషల్ టీచర్‌ని. జోగులాంబ గద్వాల జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పని చేస్తున్నాను. ఈ బ్యాచ్‌కి ఆరో తరగతి నుంచీ సోషల్ చెప్పాను, ఎనిమిది నుంచి క్లాస్ టీచర్‌ని కూడా నేనే. పిల్లల పేర్లు, ఊరి పేరు ఇక్కడ రాయను. ఆరో తరగతి హాజరు పట్టీలో వాళ్లకున్న రోల్ నెంబర్లతోనే చెబుతాను.

మా నేల గురించి, సీడ్ పత్తి గురించి

కృష్ణకూ తుంగభద్రకూ మధ్య ఉంది కాబట్టి మా ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. రెండు నదులున్నా 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ జిల్లాలో అక్షరాస్యత 50 శాతం కూడా లేదు. దానికి కారణాలు చాలా ఉన్నాయి. బడి వైపు నుంచి చూస్తే నాకు కనిపించే పెద్ద కారణం సీడ్ పత్తి.

తెలియని వాళ్ల కోసం కొంచెం చెబుతాను. ఈ సీడ్ చేలల్లో పండించేది బట్టల కోసం కాదు, కంపెనీలు అమ్మే హైబ్రిడ్ విత్తనం కోసం. దానికి ప్రతి పువ్వునీ చేత్తో క్రాసింగ్ చేయాలి. సాయంత్రం పూట, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గల్ని వెతికి, రేకులూ కేసరాలూ గోటితో వలిచేసి గుర్తు పెడతారు. తెల్లారాక మగ మొక్కల పూలు తెచ్చి ఆ మొగ్గల మీద పుప్పొడి రుద్దుతారు. పూత ఆగదు కాబట్టి పని కూడా ఆగదు. దాదాపు ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా ఇదే వరస. చిన్న చేతులైతే మొగ్గ చితకదని పెద్దవాళ్లు అంటారు. ఆ మాట వెనక, పిల్లలు చేస్తే కూలీ మిగులుతుందన్న లెక్క కూడా ఉంది. మా బడిలో ఆ మూడు నెలలూ బెంచీలు ఖాళీగా ఉంటాయి. నవంబర్‌లో కొందరు తిరిగి వస్తారు, కొందరు రారు.

మొదట చేసిన రెండు ప్రయత్నాలు

మొదట నాకు తోచింది వ్యాసం. 'పాఠశాలలో నా ఐదేళ్లు' అని శీర్షిక ఇచ్చి ఒక పీరియడ్ టైమ్ ఇచ్చాను. వచ్చిన 36 కాగితాలు ఇంటికి తీసుకెళ్లి చదివాను. ఒక్కటి చదివితే అన్నీ చదివినట్టే. మా పాఠశాల దేవాలయం వంటిది, ఉపాధ్యాయులు దైవ సమానులు, స్నేహితులను మరువలేను. పిల్లలు అబద్ధం రాశారని నేను అనుకోవడం లేదు. పరీక్షలో వ్యాసం ఎలా రాస్తే మార్కులు పడతాయో ఐదేళ్లపాటు మేమే నేర్పించాం. పిల్లలు అలాగే రాశారు.

తర్వాత గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడించాను. ఎప్పుడూ మాట్లాడే ఐదుగురే మాట్లాడారు. జూరాల ప్రాజెక్టు చూడటానికి వెళ్లిన ట్రిప్, కబడ్డీలో మండలం గెలవడం, ఒక సార్ బదిలీ మీద వెళ్లిన రోజు అందరూ ఏడవడం. మిగతావాళ్లు నవ్వి ఊరుకున్నారు. ఒక్క సంగతి మాత్రం నాకు పట్టుబడింది. ఎవరు మొదలుపెట్టినా "ఆరో తరగతిల..." అని మొదలుపెట్టి, తిన్నగా తొమ్మిదిలోకి దూకేస్తున్నారు. ఏడో తరగతి గురించి ఒక్క మాట కూడా రాలేదు.

అల్మారాలో దొరికిన పట్టీ

హెడ్మాస్టర్ గారి అనుమతి తీసుకుని ఆఫీస్ రూమ్ అల్మారాలోంచి ఈ బ్యాచ్ ఐదేళ్ల హాజరు పట్టీలు బయటికి తీశాను. ఆరో తరగతి పట్టీకి వేసిన ఖాకీ అట్ట ఒక మూల చెదలు పట్టి ఉంది. లోపల అప్పటి క్లాస్ టీచర్ చేతిరాత, ముత్యాల్లాంటి అక్షరాలు. 2019 జూన్ పేజీలో 43 పేర్లు ఉన్నాయి.

శనివారం చివరి రెండు పీరియడ్లు తీసుకున్నాం. రెండు బెంచీలు కలిపి మధ్యలో పట్టీ పెట్టాను, పిల్లలంతా చుట్టూ చేరారు. పద్ధతి చాలా సులువు. ఒకరు పేరు చదవాలి. ఆ పిల్లవాడు ఇప్పుడు క్లాసులో ఉన్నా లేకపోయినా, అప్పట్లో పక్కన కూర్చున్నవాళ్లే పలకాలి. మంచోడు, బాగా చదివేది అని అనకూడదు. కళ్లారా చూసింది, చెవులారా విన్నది ఒక్కటి చెప్పాలి.

రోల్ నెంబర్ 1. "చాక్‌పీస్ ముక్కలన్నీ జేబుల వేసుకునేటోడు మేడం. ఇంటికాడ తలుపుల మీద రాస్తుండె." ఆ పిల్లవాడు అక్కడే ఉన్నాడు, సిగ్గుతో తల వంచుకున్నాడు. అందరూ నవ్వారు. వ్యాసం రాసినప్పుడు, గుండ్రంగా కూర్చున్నప్పుడు రానిది ఆ నవ్వుతో వచ్చింది.

రోల్ నెంబర్ 8. గురుకులంలో సీటొచ్చి టీసీ తీసుకుని వెళ్లిన అమ్మాయి. ఆమె పక్కన కూర్చున్న పిల్ల ఏమీ మాట్లాడకుండా బ్యాగు తెరిచి జామెట్రీ బాక్స్ తీసి పట్టీ మీద పెట్టింది. మూత ఊడిపోయి, రబ్బరు బ్యాండ్ వేసి ఉంది. లోపల వృత్తలేఖిని ఒక్కటే అసలుది, మిగతావన్నీ తర్వాత కొన్నవి. "పోయేరోజు ఇచ్చింది మేడం. నాకు కొత్తది కొనిస్తరు, నువ్వు ఉంచుకో అన్నది." నాలుగేళ్లుగా ఆ బాక్స్ రోజూ నా కళ్ల ముందే ఉంది. అది ఎవరిదో నాకు తెలియదు.

రోల్ నెంబర్ 11. "కబడ్డీల కూతకు పోతే ఆగకపోవు మేడం, ఊపిరి ఎక్కడ దాచుకుంటడో!" అన్నాడు పక్కవాడు. ఇప్పుడెక్కడున్నాడని అడిగాను. "ఊర్లోనే. ట్రాక్టర్ నడుపుతుండు." మీతో మాట్లాడతాడా అంటే కాసేపు ఆగి చెప్పాడు: "మామూలు బట్టలల్ల ఉంటే మాట్లాడతడు. మేం బడి డ్రెస్సుల ఉంటే పక్కకు తిరిగి పోతడు."

క్లాసంతా నిశ్శబ్దమైపోయింది. ఎవరికీ తెలియని విషయమేం కాదు. అందరూ రోజూ చూస్తున్నదే, కాకపోతే ఎవరూ నోటితో అనలేదు.

పేర్ల తర్వాత నెలల పేజీలు తిప్పాం. ఐదేళ్ల చరిత్ర మా సోషల్ పుస్తకంలో కన్నా ఆ గళ్లలోనే స్పష్టంగా కనిపించింది. 2019 ఆగస్టు, సెప్టెంబర్ పేజీల్లో సగం గళ్లు గైర్హాజరే. అది సీడ్. అక్టోబర్‌లో 19 దాకా సెలవులు. ఆర్టీసీ సమ్మె వల్ల దసరా సెలవులు పొడిగించిన సంవత్సరం అది. 2020 మార్చి పేజీలో 13వ తేదీ, శుక్రవారం దాకా హాజరు ఉంది. మర్నాడు రెండో శనివారం. ఆ తర్వాత గళ్లన్నీ తెలుపు. "శుక్రవారం సాయంత్రం బెల్లు కొట్టినప్పుడు మళ్ల సోమవారం వస్తం అనుకున్నం" అంది జామెట్రీ బాక్స్ అమ్మాయి.

ఏడో తరగతి పట్టీ తెరిస్తే మొదటి హాజరు 2021 ఫిబ్రవరి 24న ఉంది. అప్పటిదాకా, అంటే 2020 సెప్టెంబర్ 1 నుంచి, టీవీ పాఠాలే. యాదగిరి చానల్, టీ-శాట్. ఇక్కడినుంచి మాటలు పొంగుకొచ్చాయి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ నాన్న చేనుకు పట్టుకుపోయేవాడు. టీవీ ఉన్నవాళ్ల ఇంటి అరుగు మీద ఏడుగురు కూర్చునేవాళ్లు. వర్క్‌షీట్లు తీసుకోవడానికి మూతికి రుమాలు కట్టుకుని బడి గేటు దాకా వచ్చి, లోపలికి రాకుండా వెళ్లిపోయేవాళ్లు. ఫిబ్రవరి 24న తల్లిదండ్రుల సంతకం ఉన్న అంగీకార పత్రం పట్టుకుని 22 మంది వచ్చారు, బెంచీకి ఒక్కరే. సరిగ్గా నెల తర్వాత, మార్చి 24న, బడులు మళ్లీ మూతపడ్డాయి. వీళ్ల ఏడో తరగతి అంతే. ఎవరూ దాని గురించి ఎందుకు మాట్లాడలేదో నాకు అప్పుడు అర్థమైంది.

ఎనిమిదో తరగతి పట్టీ నేను రాసిందే. 2021 సెప్టెంబర్ 1న బడి తెరిచాక పాత పట్టీలోంచి పేర్లు దించుకున్నాను. రోల్ నెంబర్ 23కు ఎదురుగా వరసగా గైర్హాజరు, డిసెంబర్ చివరన ఎర్ర పెన్సిల్‌తో 'లాంగ్ ఆబ్సెంట్'. పేజీ చదువుతున్న అమ్మాయి తలెత్తి అడిగింది: "మేడం, ఇది మీ రాతే గద?"

నాదే. ఆ ఏడాది ఆ ఇంటికి రెండుసార్లు ఫోన్ చేశాను, నెంబర్ పనిచేయలేదు. ఇల్లు బడికి కిలోమీటరున్నర దూరం. నేను వెళ్లలేదు. విద్యా హక్కు చట్టం ప్రకారం ఎనిమిది పూర్తయ్యేదాకా పిల్లల పేరు తీసేయకూడదు. కాబట్టి పేరు పట్టీలో అలాగే ఉంది. పేరు ఉంటే పిల్ల కూడా ఉన్నట్టే అని నా మనసు సర్దుకుపోయింది. ఈ మాటలే పిల్లలతో అన్నాను. అంతకన్నా వేరే ఏం చెప్పినా అబద్ధమే అయ్యేది.

43 మందిలో ఇప్పుడు మాతో ఉన్నది 27 మంది. మిగతా 16 మందిలో ఆరుగురు గురుకులాలకు, కేజీబీవీకి (కస్తూర్బా బాలికల బడికి) పోయారు. ముగ్గురు ప్రైవేటు బళ్లలో చేరారు. ఇద్దరి కుటుంబాలు హైదరాబాద్‌కి వలస వెళ్లాయి, అక్కడ బడిలో చేరినట్టు తెలుసు. మిగిలిన ఐదుగురికి టీసీ లేదు, ఏ బడీ లేదు. ఆ ఐదుగురూ 11, 23, 31, 36, 40.

నేను ముందుగా ఆలోచించని రెండు సంగతులు

ఆ రోజే రెండు తప్పులు జరిగాయి. 40వ నెంబర్ దగ్గర ఒక అబ్బాయి "వాళ్లమ్మ కరోనాల సచ్చిపోయింది మేడం, రాయచూర్ కాడ వాళ్లవ్వ ఇంటికి పోయిండు" అని గబగబా అనేశాడు. అదే రెండో వేవ్‌లో తండ్రిని పోగొట్టుకున్న అమ్మాయి మా మధ్యే కూర్చుని ఉంది. లేచి బయటికి వెళ్లిపోయింది. బోరింగ్ దగ్గర ఆ అమ్మాయి పక్కన నేను చాలాసేపు నిలబడ్డాను. ఇలాంటి పని మొదలుపెట్టే ముందు ఏ పేరు వెనక ఏముందో టీచర్ ఒక్కరే కూర్చుని పట్టీ అంతా చదువుకోవాలి. ఆ పిల్లలతో ముందే విడిగా మాట్లాడాలి. నేను ఆ పని చేయలేదు.

రెండోది కొత్తగా చేరినవాళ్ల విషయం. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో మా దగ్గర చేరినవాళ్లు తొమ్మిది మంది. కరోనా తర్వాత ఫీజులు కట్టలేక ప్రైవేటు బళ్ల నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. ఆరో తరగతి పట్టీ చుట్టూ అందరూ నవ్వుతుంటే, ఏడుస్తుంటే, ఈ తొమ్మిది మందీ గోడకానుకుని నిలబడ్డారు. తర్వాతి శనివారం వాళ్లతోనే మొదలుపెట్టాను. బడిలోకి వచ్చిన మొదటి రోజు ఏ బెంచీలో చోటు దొరికింది, జరిగి చోటిచ్చింది ఎవరు అని అడిగాను.

అక్కడ ఒక అమ్మాయి చెప్పింది మర్చిపోలేను. ఏడు దాకా ఇంగ్లీష్ మీడియం. మా దగ్గర ఈ బ్యాచ్ తెలుగు మీడియం. 2022–23లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీష్ మీడియం మొదలై, ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లీష్ ఉన్న పుస్తకాలు వచ్చినప్పుడు వీళ్లు తొమ్మిదిలో ఉన్నారు, ఒక్క ఏడాది తేడాతో తెలుగులోనే ఉండిపోయారు. మా బడిలో పదో తరగతి పూర్తిగా తెలుగులో రాసిన చివరి బ్యాచ్ వీళ్లే. ఆ అమ్మాయికి ఫొటోసింథసిస్ తెలుసు, కిరణజన్య సంయోగక్రియ నోరు తిరగదు. క్లాసులో చదవమంటే ఆగిపోయేది, వెనక బెంచీ నవ్వేది. పక్కన కూర్చున్న పిల్ల ఆ మాటను పెన్సిల్‌తో నాలుగు ముక్కలు చేసి నోట్‌బుక్ మార్జిన్‌లో రాసిచ్చింది. కిరణ, జన్య, సంయోగ, క్రియ. "రెండు రోజులు అన్నం తినేకాడ కూడా అదే అనిపించింది మేడం నాతోని." చెబుతూ ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు.

ఇళ్లకు వెళ్లిన ఆదివారాలు

ఐదుగురినీ వీడ్కోలుకు పిలవాలన్నది పిల్లల నిర్ణయం. తోటి టీచర్లలో ఒకరు అభ్యంతరం చెప్పారు. మార్చి 1 నుంచి ప్రీ ఫైనల్స్, 18 నుంచి పబ్లిక్ పరీక్షలు, ఈ టైమ్‌లో పిల్లల్ని ఊరంతా తిప్పడం ఏమిటన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. ఒక్క స్పెషల్ క్లాస్ కూడా పోకుండా ఆదివారాలే వెళతామని ఒప్పుకున్నాను. తల్లిదండ్రుల దగ్గర సంతకాలు తీసుకున్నాం. ఒక్కో ఇంటికి ముగ్గురు పిల్లలు, నేను. బడి డ్రెస్ వేసుకోవద్దని పిల్లలే అనుకున్నారు.

23వ నెంబర్ ఇంటికి వెళ్లేసరికి ఆ అమ్మాయి వాకిట్లో గిన్నెలు తోముతోంది. మమ్మల్ని చూడగానే లోపలికి పోయింది. వాళ్లమ్మ మంచం వాల్చి కూర్చోమని, నేను అడగకుండానే చెప్పింది. "సీడ్ వేసినం మేడం. సీడ్ కంపెనీ ఆర్గనైజర్ కాడ అడ్వాన్స్ తీసుకున్నం. పిల్ల ఉంటే ఇద్దరు కూలోళ్ల పైసలు మిగుల్తయి. కరోనాల బడి లేకపాయె, పనికి అలవాటు పడ్డది. మళ్ల బడి తెరిచినంక నేనే పొమ్మన్న. ఏడో తరగతి పాఠాలు ఒక్కటి రావు, ఎనిమిదిల కూసుంటే అందరు నవ్వుతరు అన్నది."

ఆ చివరి మాట నాకు కొత్త. పేదరికం, సీడ్, అడ్వాన్స్, ఇవన్నీ నేను ఊహించినవే. పాఠాలు రావన్న సిగ్గు కూడా ఆ పిల్లను ఇంట్లో ఉంచేసిందని నాకు తెలియదు. నిజానికి ఆ ఏడాది క్లాసులో ఎవరికీ ఏడో తరగతి పాఠాలు రావు. మొదటి రోజే ఎవరైనా వెళ్లి ఆ ఒక్క మాట చెప్పి ఉంటే వచ్చేదేమో.

కాసేపటికి ఆ అమ్మాయి మంచినీళ్ల చెంబుతో బయటికి వచ్చింది. స్నేహితురాలి పక్కన కూర్చుని మెల్లగా అడిగింది: "ఇప్పుడు సైన్స్ ఎవరు చెప్తున్రు?"

31వ నెంబర్ ఇంటికి వెళ్లలేదు. ఆ అమ్మాయికి 2022 ఎండాకాలంలో పెళ్లి చేసి పంపేశారు. క్లాసులో సగం మందికి అప్పుడే తెలుసు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఒక్క ఫోన్ చేయాలని గానీ, మాకు చెప్పాలని గానీ ఎవరికీ తోచలేదు. అలా తోచేంత నమ్మకం మేం పిల్లలకు ఇవ్వలేదు. అత్తవారింటికి బడి పేరుతో మనుషులు వెళితే ఆ అమ్మాయికి ఇబ్బంది అవుతుందని ఆగిపోయాం. పాత బెంచీ స్నేహితురాలు మాత్రం ఫోన్‌లో మాట్లాడింది. ఆ అమ్మాయి ఒక్కటే చెప్పిందట: "నా పేరు పిలిస్తే నువ్వే పలుకు."

36వ నెంబర్ హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. రాలేనని వాయిస్ మెసేజ్ పంపాడు. 40వ నెంబర్‌తో వాళ్ల మేనమామ ఫోన్‌లో మాట్లాడించాడు. రాయచూరు దగ్గర బట్టల దుకాణంలో ఉన్నాడు. వస్తాననీ రాననీ చెప్పలేదు. 11వ నెంబర్‌ను పిలవడానికి కబడ్డీ జట్టు మొత్తం వెళ్లింది. "చూస్త" అన్నాడట.

ఫిబ్రవరి 24

తేదీ పిల్లలే పెట్టుకున్నారు. ఏడో తరగతి పట్టీలో మొదటి హాజరు పడిన రోజు, మూడేళ్ల తర్వాత మళ్లీ అదే రోజు. 2024లో అది శనివారం అయింది. ఫ్లెక్సీ సైజు తగ్గించారు, సౌండ్ బాక్సులు మానేశారు. ఆ డబ్బుతో మధ్యాహ్నం అందరికీ బగారన్నం వండించారు.

సభ మొదట్లోనే పట్టీ తీశాం. 2019 జూన్ పేజీ పెట్టుకుని నేను పిలిచాను. ఉన్నవాళ్లు ఆరో తరగతిలో లాగే లేచి "ప్రెజెంట్ మేడం" అన్నారు. లేనివాళ్ల తరఫున పక్కన కూర్చున్నవాళ్లు లేచారు. 8 అని పిలవగానే జామెట్రీ బాక్స్ చేతిలో పట్టుకుని ఆ అమ్మాయి లేచింది. గురుకులాల్లో ఉన్నవాళ్లకూ అవే పరీక్షలు, వాళ్లను వదలరు కదా.

11 అని పిలిచాను. కబడ్డీ పిల్లవాడు సగం లేచాడు. వెనకనుంచి "ప్రెజెంట్" అని గట్టిగా వినిపించింది. వేపచెట్టు కింద, లోపలికీ బయటికీ కాకుండా నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చేసిన చొక్కా, చేతికి ట్రాక్టర్ ఆయిల్ మరక. ఎంతసేపటి నుంచి ఉన్నాడో ఎవరూ చూడలేదు. పిల్లలు జరిగి చోటిచ్చారు.

23 అని పిలిచేసరికి ఆ అమ్మాయి మొదటి వరసలోనే ఉంది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. క్లాసంతా ఆగింది. రెండోసారి పిలిస్తే పలికింది. 31కి స్నేహితురాలు లేచింది. అందరూ చెప్పినట్టు ఒక జ్ఞాపకం చెప్పాలి, కానీ ఆ అమ్మాయి "ప్రెజెంట్ మేడం" అని మాత్రం అని కూర్చుంది. అంతకన్నా చెప్పొద్దని మేం ముందే అనుకున్నాం. ఒక అమ్మాయి బతుకు సభలో కథ కాకూడదు. 36 దగ్గర ఫోన్‌లో మెసేజ్ వినిపించారు, వెనక కాంక్రీట్ మిల్లర్ చప్పుడుతో కలిపి. 40 రాలేదు. పక్కన కూర్చునేవాడు లేచి, "వాళ్లమ్మ చేసిన సజ్జ రొట్టె నాకు సగం పెట్టేటోడు" అన్నాడు. 43 అయ్యాక తొమ్మిది కొత్త పేర్లు 44 నుంచి 52 దాకా పిలిచాను.

ఆ తర్వాత ఎవరినీ మాట్లాడమని అడగలేదు. వాళ్లే మాట్లాడారు. మూడున్నరకు బెల్లు కొట్టినా కదల్లేదు.

తర్వాత

ఏప్రిల్ 30న ఫలితాలొచ్చాయి. 36 మందిలో 34 మంది పాసయ్యారు. ఈ పని వల్ల మార్కులు పెరిగాయని నేను చెప్పను, అలా చెప్పడానికి ఆధారం లేదు. తగ్గలేదని మాత్రం అభ్యంతరం చెప్పిన సార్ కూడా ఒప్పుకున్నారు. కిరణజన్య సంయోగక్రియ అమ్మాయి బాసర ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు పెట్టింది. 23వ నెంబర్ ఓపెన్ టెన్త్‌లో చేరింది. పద్నాలుగేళ్లు నిండితే చాలు, నేరుగా పదో తరగతి రాసుకోవచ్చని వాళ్లమ్మకు తెలియదు. జామెట్రీ బాక్స్ అమ్మాయి తన పాత పుస్తకాలన్నీ తీసుకెళ్లి ఇచ్చింది. 11వ నెంబర్ ఫారం తీసుకెళ్లాడు, ఇంకా తెచ్చివ్వలేదు. ట్రాక్టర్ మీద వెళుతూ బడి పిల్లలు కనిపిస్తే ఇప్పుడు హారన్ కొడుతున్నాడని చెబుతారు.

మొత్తం మీద పట్టింది ఏడు పీరియడ్లు, మూడు ఆదివారాలు. ఎవరైనా చేయాలనుకుంటే రెండు మాటలు చెబుతాను. పట్టీ పేజీలను ఫోన్లలో ఫొటో తీయనివ్వకండి. అందులో కులం, తండ్రి పేరు, పుట్టిన తేదీ అన్నీ ఉంటాయి. గ్రూపుల్లో తిరగాల్సినవి కావు. రెండోది, దీన్ని పదో తరగతి ఫిబ్రవరి దాకా ఉంచకండి. నేను ఉంచాను. 2021 డిసెంబర్‌లోనే ఒక శనివారం ఈ పట్టీ తెరిచి ఉంటే ఐదుగురిలో ముగ్గురినైనా వెనక్కి తెచ్చుకునేవాళ్లమని నా మనసుకు గట్టిగా అనిపిస్తుంది. జ్ఞాపకాలు చెప్పుకోవడం చివర్లో చేసే పని అనుకుంటాం. ఈ పిల్లలకు మాత్రం ఎనిమిదో తరగతిలోనే అది చేయాల్సింది.

2024 జూన్ 12న బడి తెరిచాక ఆరో తరగతి నేనే అడిగి తీసుకున్నాను. 39 పేర్లు. ఇది రాస్తున్నది 2024 సెప్టెంబర్‌లో, క్రాసింగ్ రోజులు. ప్రతి శనివారం చివరి పీరియడ్‌లో ఆ వారం రానివాళ్ల పేర్లు పిల్లలతోనే చదివిస్తున్నాను, పక్కన కూర్చునేవాళ్లు పలుకుతున్నారు. రోల్ నెంబర్ 14 పదకొండు రోజులుగా రాలేదు. వాళ్ల చిన్నమ్మ చేనుకు పోయిందని ఒకరు, జ్వరమని ఒకరు అన్నారు. రేపు ఆదివారం వాళ్లింటికి వెళుతున్నాం. ఆ పిల్ల బెంచీలో కూర్చునే ఇద్దరూ వస్తామన్నారు. పొద్దున ఎనిమిదికల్లా పోవాలట, ఆలస్యమైతే చేనుకు వెళ్లిపోతారని వాళ్లే చెప్పారు.